యుద్ధ ఖైదీలపై హింస: లోపం చట్టంలో ఉందా, అమలులో ఉందా?

క్లుప్తంగా: పట్టుబడిన మనిషిని హింసించకూడదన్న నియమం 1949 నుంచి స్పష్టంగానే ఉంది. తేడా వస్తున్నది రెండు చోట్ల. పట్టుబడినవాడు ఆ నియమం కిందికి వస్తాడా రాడా అని ప్రభుత్వాలు తేల్చే దగ్గర ఒకటి. రాజధానిలోని ఫైలు నుంచి కాపలా సైనికుడి దాకా ఆ నియమం వెళ్లే దారిలో ఇంకొకటి. మొదటిది చట్టానికి చెప్పే అర్థానికి సంబంధించినది, రెండోది అమలుకు. చాలా ఘటనల్లో ఇవి ఒకదానికొకటి తోడయ్యాయి.

2003 సెప్టెంబరు 14న ఇరాక్‌లోని బస్రాలో బ్రిటిష్ సైనికులు ఒక హోటల్‌ను సోదా చేసి కొందరిని అదుపులోకి తీసుకున్నారు. వారిలో బహా మూసా ఒకరు. వయసు 26 ఏళ్లు, ఆ హోటల్లో రిసెప్షనిస్టు. శిబిరానికి తీసుకెళ్లాక అతని తలకు ఇసుక బస్తాలకు వాడే గోనె సంచి తొడిగారు. మోకాళ్లు వంచి, చేతులు చాచి నిలబెట్టారు. నిద్ర పోనివ్వలేదు, కొట్టారు. దాదాపు 36 గంటల తర్వాత అతను చనిపోయాడు. ఒంటిమీద 93 గాయాలు లెక్క తేలాయి. ఆ 36 గంటల్లో ఇంచుమించు 24 గంటలు అతని తల సంచిలోనే ఉందని తర్వాత జరిగిన బహిరంగ విచారణ తేల్చింది.

బ్రిటన్ జెనీవా ఒప్పందాలను ఆమోదించిన దేశం. ఖైదీలను ప్రశ్నించేటప్పుడు తలకు ముసుగు వేయడాన్ని అంతకు 31 ఏళ్ల ముందే పార్లమెంటు సాక్షిగా నిషేధించిన దేశం. మరి ఆ గదిలో ఆ సంచి ఎలా ఉంది? యుద్ధంలో ఖైదీలపై హింస బయటపడినప్పుడల్లా చర్చ రెండుగా చీలడానికి కారణం ఇలాంటి ప్రశ్నే. చట్టాలు చాలవు, కొత్తవి కావాలని కొందరంటారు. ఉన్న చట్టాలను అమలు చేస్తే చాలని మరికొందరంటారు.

చట్టంలో రాసి ఉన్నది

1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు జెనీవా ఒప్పందాల్లో మూడోది పూర్తిగా యుద్ధ ఖైదీల గురించే. అందులో 143 అధికరణలున్నాయి. ఈ ఒప్పందాలను 196 దేశాలు ఆమోదించాయి. అంటే ఆచరణలో ప్రపంచమంతా.

ఖైదీని అన్నివేళలా మానవత్వంతో చూడాలని 13వ అధికరణ చెబుతుంది. 17వ అధికరణ ప్రకారం ఖైదీ చెప్పి తీరాల్సినవి నాలుగే: పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సైనిక నంబరు. అంతకుమించి రాబట్టడానికి శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసించకూడదు, బెదిరించకూడదు. నాలుగు ఒప్పందాల్లోనూ ఒకేలా కనిపించే 3వ అధికరణ అంతర్యుద్ధాలకూ వర్తిస్తుంది. యూనిఫాం ఉన్నా లేకపోయినా, పట్టుబడిన ఎవరిమీదా క్రూరత్వం, అవమానం పనికిరావని దాని సారం. 1984లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. యుద్ధం వచ్చిందనో, అత్యవసర పరిస్థితి అనో, పై అధికారి చెప్పాడనో సాకు చూపడానికి వీల్లేదని 2వ అధికరణలో తేల్చి చెప్పింది.

ఈ మాటల్లో అస్పష్టత వెతకడం కష్టం. బలహీనత ఉన్నది నిషేధంలో కాదు, దాన్ని కాపాడాల్సిన ఏర్పాటులో. ఈ ఒప్పందాలకు సొంత పోలీసులు లేరు. తీవ్రమైన ఉల్లంఘనలకు శిక్షలు పెడుతూ చట్టాలు చేయాలనీ, నేరస్థులను వెతికి కోర్టు ముందు నిలబెట్టాలనీ 129వ అధికరణ ఆయా దేశాలకే అప్పగించింది. వేరే దేశపు కోర్టు ముందుకొచ్చి విచారించే వీలున్నా అలా జరగడం అరుదు. యుద్ధం మధ్యలో ఆ పని చేయాల్సింది ఖైదీని పట్టుకున్న సైన్యమే. తన మనుషులమీద తానే కేసు పెట్టుకోవాలి, తన కమాండర్లను తానే ప్రశ్నించుకోవాలి. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడ మొదలైనవే.

‘ఇతను ఖైదీ లెక్కలోకి రాడు’

హింసకు చట్టం దారి ఇచ్చిందా అని అడిగితే ముందుగా చూడాల్సింది రెండో ప్రపంచ యుద్ధాన్ని. సోవియట్ సైనికులు సుమారు 57 లక్షల మంది జర్మనీకి పట్టుబడ్డారు. వారిలో దాదాపు 33 లక్షల మంది ఆకలితో, చలితో, రోగాలతో, కాల్పుల్లో చనిపోయారు. అదే జర్మనీ చేతిలో, అదే కాలంలో, బ్రిటిష్, అమెరికన్ ఖైదీల మరణాలు వందకు నాలుగు దగ్గర ఆగాయి.

జర్మనీ చూపిన సాకు చట్టపరమైనదే. 1929 నాటి యుద్ధ ఖైదీల ఒప్పందాన్ని సోవియట్ యూనియన్ ఆమోదించలేదు, కాబట్టి తమకూ బాధ్యత లేదంది. ఆ ఒప్పందం సభ్య దేశాల మధ్యే వర్తించేలా రాసి ఉన్న మాట నిజమే. అయితే ఒప్పందం లేకున్నా ఆచారబద్ధమైన యుద్ధ నియమాలు కట్టడి చేస్తాయని జర్మన్ సైనిక గూఢచారి విభాగాధిపతి అడ్మిరల్ కనారిస్ 1941 సెప్టెంబరులో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాడు. అవి పాతకాలపు మర్యాద యుద్ధం నాటి ఆలోచనలనీ, ఇప్పుడు చేస్తున్నది ఒక సిద్ధాంతాన్ని నాశనం చేసే పని అనీ ఫీల్డ్ మార్షల్ కైటెల్ ఆ కాగితంమీదే జవాబు రాశాడు.

ఇక్కడ తేదీలు ముఖ్యం. పట్టుబడిన సోవియట్ రాజకీయ అధికారులను అక్కడికక్కడే చంపాలన్న ఆదేశం 1941 జూన్ 6న వెలువడింది. అంటే దాడి మొదలవడానికి రెండు వారాల ముందే. నిర్ణయం ముందు, చట్ట వాదన తర్వాత. చట్టంలోని ఖాళీ ఆ హింసను పుట్టించలేదు, దానికి ముసుగుగా పనికొచ్చింది. జపాన్ ఉదాహరణ కూడా ఇదే వైపు చూపుతుంది. 1929 ఒప్పందంపై సంతకం చేసి ఆమోదించకుండా వదిలేసిన జపాన్, తగిన మార్పులతో దాన్ని పాటిస్తామని 1942లో మాట ఇచ్చింది. యుద్ధం ముగిశాక జపాన్ నేతల యుద్ధ నేరాలను విచారించిన టోక్యో ట్రిబ్యునల్ లెక్క తీస్తే, జపాన్ చేతిలో పాశ్చాత్య దేశాల ఖైదీల మరణాలు 27 శాతం.

అరవై ఏళ్ల తర్వాత ఇదే తలుపు మళ్లీ తెరుచుకుంది. అల్‌ఖైదాకు జెనీవా ఒప్పందాలు వర్తించవనీ, తాలిబన్లకు యుద్ధ ఖైదీ హోదా లేదనీ 2002 ఫిబ్రవరి 7న అమెరికా అధ్యక్షుడు బుష్ మెమో ఇచ్చారు. వారిని మానవత్వంతో చూస్తామన్న మాట అందులో ఉంది. కానీ అది విధానంగా ఉంది, హక్కుగా లేదు. పైగా ‘సైనిక అవసరానికి అనుగుణంగా’ అన్న షరతు తగిలించి ఉంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు మెలిక అదే. హక్కు అయితే ఖైదీ అడగగలడు. విధానమైతే ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకోగలరు. హోదాపై అనుమానం ఉన్నప్పుడు ట్రిబ్యునల్ ముందు తేల్చాలని, అప్పటిదాకా ఖైదీగానే చూడాలని మూడో ఒప్పందం 5వ అధికరణ చెబుతుంది. అందరికీ కలిపి ఒకే మెమోతో తేల్చడం వల్ల ఆ మెట్టు దాటిపోయారు.

ఆ ఏడాది ఆగస్టు 1న న్యాయశాఖ రాసిన మరో మెమో, అవయవం పాడయ్యేంత లేదా ప్రాణం పోయేంత తీవ్రమైన నొప్పి అయితేనే చిత్రహింస అంటూ నిర్వచనాన్ని కుదించింది. అందుకు ఆసరాగా తీసుకున్నవాటిలో ఉత్తర ఐర్లండ్ కేసు ఒకటి. 1971లో అక్కడ బ్రిటిష్ దళాలు ఖైదీలమీద ఐదు పద్ధతులు వాడాయి: ముసుగు, గోడకు ఆనించి నిలబెట్టడం, ఎడతెగని రొద, నిద్ర లేకుండా చేయడం, తిండీ నీళ్లూ తగ్గించడం. ఇవి అమానుషం, అవమానకరం, అయితే చిత్రహింస స్థాయికి చేరలేదని 1978లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. బ్రిటన్ తప్పు చేసిందని తేల్చిన తీర్పే అది. అందులోని ఒక వాక్యం పాతికేళ్ల తర్వాత ఇంకో ఖండంలో అనుమతి పత్రానికి ఆధారమైంది.

అల్‌ఖైదాతో పోరుకు కూడా 3వ అధికరణ వర్తిస్తుందని 2006 జూన్ 29న హమ్దాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం చివరికి నిలబడింది. మధ్యలో నాలుగేళ్లు గడిచిపోయాయి.

మెమో కింది దాకా ఎలా దిగుతుంది

అల్‌ఖైదా, తాలిబన్ ఖైదీలను ఉంచిన గ్వాంటనామోకు (క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం) ఉన్న ఈ అస్పష్టత ఇరాక్‌కు లేదు. అక్కడ జెనీవా ఒప్పందాలు వర్తిస్తాయని అమెరికా మొదటి నుంచీ ఒప్పుకుంది. అయినా 2003 చివర్లో అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను బట్టలూడదీసి, కుక్కలతో బెదిరించి, కుప్పలుగా పడేసి ఫొటోలు తీశారు. చట్టమా, అమలా అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. చట్టం వర్తిస్తుందని ఒప్పుకున్న చోట ఇది జరిగింది కాబట్టి.

అమెరికా సైన్యం తరఫున మేజర్ జనరల్ టగూబా జరిపిన దర్యాప్తులో దొరికినవి చూస్తే హింస వెనుక ఉన్న మామూలు విషయాలు బయటపడతాయి. ఒప్పందం పాఠాన్ని ఖైదీల సొంత భాషలో అందరికీ కనిపించే చోట అతికించాలని 41వ అధికరణ అడుగుతుంది. ఒక గోడ, ఒక కాగితం. ఆ జైలు కాపలా చూసిన మిలిటరీ పోలీసు బ్రిగేడ్ నడిపే నిర్బంధ కేంద్రాల్లో ఎక్కడా అది లేదు, ఖైదీల భాషలోనూ లేదు, ఇంగ్లిష్‌లోనూ లేదు. అంతకుముందు జరిగిన తనిఖీలు ఈ లోపాన్ని ఎత్తిచూపినా ఎవరూ పట్టించుకోలేదు. కొందరు ఖైదీల పేర్లు రికార్డుల్లోనే లేవు. రెడ్‌క్రాస్ బృందం వచ్చినప్పుడు వారిని కనబడకుండా జైల్లోనే అటూ ఇటూ తిప్పారు.

సిబ్బంది లెక్క ఇంకో సంగతి చెబుతుంది. అమెరికా మాజీ రక్షణ మంత్రి ష్లెసింజర్ నాయకత్వంలోని కమిటీ ప్రకారం గ్వాంటనామోలో సుమారు ఒక ఖైదీకి ఒక కాపలాదారు ఉంటే, అబూ గ్రైబ్‌లో ఒక దశలో 75 మందికి ఒకరు. బయటి నుంచి మోర్టార్ దాడులు, లోపల కిక్కిరిసిన బారకాసులు, నిద్ర చాలని షిఫ్టులు, సమాచారం రాబట్టండంటూ పైనుంచి ఒత్తిడి. ఈ టెన్షన్ హింసకు సమర్థన కాదు. అయితే దీన్ని వదిలేసి ‘కొందరు చెడ్డ సైనికులు’ అన్న వివరణ నిలబడదు.

అన్నిటికంటే కీలకం, నియమాలు మారిన తీరు. ఇరాక్‌లోని అమెరికన్ కమాండ్ ఇంటరాగేషన్ నియమాలను 2003 సెప్టెంబరు 14న ఒకసారి, అక్టోబరు 12న ఇంకోసారి మార్చింది. నెల తిరగకుండా రెండు రకాల ఆదేశాలు. పైగా విచారణకు ఖైదీలను ‘సిద్ధం చేయడం’లో కాపలా దళాలూ పాలుపంచుకోవాలన్న సలహా గ్వాంటనామో నుంచి వచ్చిన బృందం ఇచ్చి వెళ్లింది. ఖైదీ భద్రత చూసేవాళ్లు, అతన్నుంచి మాట రాబట్టేవాళ్లు వేరువేరుగా ఉండాలన్న గీత అక్కడ చెరిగిపోయింది. ఒక దేశంలో ఒక హోదాకు పరిమితమని రాసిన పద్ధతులు అఫ్గానిస్తాన్ మీదుగా ఇరాక్‌కు చేరాయని ష్లెసింజర్ కమిటీ రాసింది. కాగితంమీద మినహాయింపు ఒక చోటికే. దాన్ని అమలు చేసిన మనుషులు మాత్రం బదిలీ అవుతూ ఉంటారు.

జైలు గదిలోని సైనికుడికి జెనీవా ఒప్పందం నేరుగా చేరదు. అతనికి చేరేది పై అధికారి మాట, షిఫ్టు మారేటప్పుడు తోటివాడు చెప్పిన అలవాటు. అమెరికా సైన్యం 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ కెప్టెన్ ఇయాన్ ఫిష్‌బ్యాక్ 2005లో సెనేటర్ మెకెయిన్‌కు రాసిన లేఖలో ఇదే ఉంది. ఖైదీలను ఎలా చూడాలో స్పష్టమైన ప్రమాణం చెప్పమని 17 నెలలు అధికారులను అడిగినా జవాబు రాలేదన్నది ఆయన ఫిర్యాదు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే సైన్యం చేతిలోని ఖైదీల విచారణను సైనిక ఫీల్డ్ మాన్యువల్‌కు, అంటే సైన్యం నియమాల పుస్తకానికి, పరిమితం చేస్తూ చట్టం వచ్చింది. కొత్త హక్కేమీ అది సృష్టించలేదు. ఏ పుస్తకం తెరవాలో సైనికుడికి చెప్పింది. ఆ మేరకు చట్టానికీ పాత్ర ఉంది.

ఒక నిషేధం ఎలా పోయింది

బస్రా కథ ఇంకా విచిత్రం. ఉత్తర ఐర్లండ్ గొడవ తర్వాత 1972 మార్చి 2న ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ఆ ఐదు పద్ధతులనూ ఇకపై ఇంటరాగేషన్‌కు సాయంగా వాడబోమని పార్లమెంటులో ప్రకటించారు. ఆ నిషేధాన్ని ఎవరూ రద్దు చేయలేదు. 2003 నాటికి అది సైన్యం జ్ఞాపకంలోంచి జారిపోయింది.

బహా మూసా మరణంపై సర్ విలియం గేజ్ జరిపిన విచారణ 2011 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. 1972 ఆదేశం దేశంలోపలి భద్రత కోసం రాసింది కావడంతో విదేశీ యుద్ధాలకు వర్తించే మాన్యువళ్లలోకి సరిగా ఎక్కలేదు. ఇరాక్ యుద్ధం నాటికి యుద్ధ ఖైదీల విచారణపై రక్షణ శాఖ ఆమోదించిన, అందరికీ అందుబాటులో ఉన్న మార్గదర్శకం అంటూ లేదు. ‘ఇంటరాగేషన్‌కు సాయంగా’ అన్న మాట ఇంకో సందు ఇచ్చింది. పరిసరాలు కనబడకుండా భద్రత కోసం ముసుగు వేస్తున్నాం, విచారణ కోసం కాదు అని చెప్పుకోవచ్చు. సంచి ఒకటే, తల ఒకటే, ఉద్దేశం పేరు మారింది. దీన్ని గేజ్ రక్షణ శాఖ మొత్తం వైఫల్యంగా పేర్కొన్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టుగా అమలు లోపాన్ని కింది అధికారి మొండితనంగా చూడటం మనకు అలవాటు. ఇక్కడ జరిగింది వేరు. వరం ఇచ్చిన సంగతే పూజారికి తెలియదు.

చట్టం తిరుగులేకుండా ఉన్నప్పుడు

రష్యా-ఉక్రెయిన్ యుద్ధంలో హోదా గొడవ దాదాపు లేదు. రెండు దేశాల మధ్య యుద్ధం, యూనిఫాంలో సైనికులు, రెండూ జెనీవా ఒప్పందాల సభ్యులే. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల పర్యవేక్షకులు 2023 మార్చిలో ఇచ్చిన నివేదిక కోసం 203 మంది ఉక్రెయిన్ ఖైదీలతో, 229 మంది రష్యన్ ఖైదీలతో మాట్లాడారు. రెండు వైపులా ఉల్లంఘనలు కనిపించాయి. కానీ నమూనా ఒకటి కాదు.

రష్యన్ ఖైదీలు ఎక్కువగా చెప్పింది పట్టుబడిన క్షణం గురించీ, తరలింపు గురించీ. అధికారిక శిబిరానికి చేరాక పరిస్థితి చాలావరకు మెరుగైంది. ఉక్రెయిన్ ఖైదీల విషయంలో హింస రష్యా నిర్బంధ కేంద్రాల లోపల కూడా కొనసాగింది. అది విస్తృతంగా, ఒక పద్ధతి ప్రకారం జరుగుతోందని సమితి తర్వాతి నివేదికలు చెప్పాయి. పర్యవేక్షకులను ఉక్రెయిన్ తన శిబిరాల్లోకి రానిచ్చింది, రష్యా రానివ్వలేదు. ఆ 203 మందితో మాట్లాడగలిగింది విడుదలయ్యాకే. చట్టం ఒకటే అయినప్పుడు ఫలితంలో ఇంత తేడాను చట్టంతో వివరించలేం.

126వ అధికరణ ప్రకారం ఖైదీలున్న ప్రతి చోటికీ వెళ్లి, సాక్షులు లేకుండా వారితో మాట్లాడే హక్కు అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి ఉంది. గాజా యుద్ధంలో 2023 అక్టోబరు నుంచి ఇజ్రాయెల్ నిర్బంధంలోని పాలస్తీనియన్ల దగ్గరికి ఆ సందర్శనలు ఆగిపోయాయి. హమాస్ చేతిలోని బందీల దగ్గరికి కూడా ఆ కమిటీని వెళ్లనివ్వలేదు. సందర్శన దానంతట అదే హింసను ఆపదు. 2003 అక్టోబరులో అబూ గ్రైబ్‌కు వెళ్లిన రెడ్‌క్రాస్ బృందం చీకటి గదుల్లో నగ్నంగా ఉంచిన ఖైదీలను చూసింది. అడిగితే ఇది ప్రక్రియలో భాగమేనని సైనిక గూఢచారి అధికారి చెప్పాడు. కమిటీ తన పరిశీలనలను రహస్యంగా ప్రభుత్వానికే ఇస్తుంది. వినేవాడు వినకపోతే ఆ రహస్యం ఫైల్లోనే ఉండిపోతుంది.

శిక్ష ఎక్కడ ఆగుతుంది

అబూ గ్రైబ్ కేసులో 11 మంది సైనికులకు శిక్షలు పడ్డాయి. పెద్ద శిక్ష పదేళ్లు. శిక్ష పడినవాళ్లంతా కింది స్థాయివాళ్లే. కోర్టు ముందు నిలబడిన ఏకైక అధికారి, ఒక లెఫ్టినెంట్ కల్నల్, ఖైదీలపై దురాగతాల ఆరోపణల నుంచి బయటపడ్డారు. బస్రా కేసులో ఏడుగురిని కోర్ట్ మార్షల్ చేస్తే శిక్ష పడింది నేరం ఒప్పుకున్న ఒక్క కార్పొరల్‌కు, అదీ ఏడాది జైలు.

కింది సిబ్బంది నేరాలకు కమాండర్ బాధ్యుడన్న సూత్రం లేక కాదు. 1946లో జపాన్ జనరల్ యమషితాను ఉరి తీసింది దాని ఆధారంగానే. జెనీవా ఒప్పందాలకు చేర్చిన 1977 అదనపు ప్రోటోకాల్‌లోనూ, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు శాసనంలోనూ అది ఉంది. అయితే ఆ సూత్రం ఎక్కువగా ఓడినవారికే తగిలింది. అమెరికా అంతర్యుద్ధంలో ఆండర్సన్‌విల్ జైల్లో సుమారు 45,000 మందిలో 13,000 మంది చనిపోయారు. దక్షిణ పక్షానికి చెందిన ఆ జైలు కమాండర్ హెన్రీ విర్జ్‌ను 1865లో ఉరి తీశారు. గెలిచిన ఉత్తర పక్షం నడిపిన ఎల్మైరా జైల్లో సుమారు 12,100 మందిలో దాదాపు 3,000 మంది పోయారు. దానికి ఎవరిమీదా విచారణ జరగలేదు. అల్జీరియాలో ఫ్రెంచ్ దళాల చిత్రహింసలకు 1962, 1968 క్షమాభిక్షలు తెర దించాయి.

ఏది తేడా తెస్తోంది

సాధారణ పోలీసు నిర్బంధంపై 16 దేశాల్లో 1984 నుంచి 2014 వరకు ముప్పై ఏళ్ల అనుభవాన్ని పోల్చిన ఒక పరిశోధన, చిత్రహింసలు తగ్గడంతో ఎక్కువ సంబంధం ఉన్నది అదుపులోకి తీసుకున్నాక వెంటనే జరిగే పనులకేనని తేల్చింది. కుటుంబానికి కబురు, లాయర్, బయటి డాక్టర్ పరీక్ష, రిజిస్టర్‌లో నమోదు. ఇవి చట్టంలో ఉన్నాయా అన్నదానికంటే ఆచరణలో జరుగుతున్నాయా అన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. యుద్ధభూమికి దీన్ని యథాతథంగా వర్తింపజేయలేం. కానీ ఉక్రెయిన్‌లో కనిపించిన నమూనా దీనికి దగ్గరగానే ఉంది. రికార్డుకు ఎక్కని తొలి గంటలే అత్యంత ప్రమాదకరం.

మూడో ఒప్పందంలో ఇందుకోసం ఒక చిన్న వస్తువు ఉంది. శిబిరానికి చేరిన వారంలోపు ప్రతి ఖైదీ ఇంటికీ, జెనీవాలోని కేంద్ర సంస్థకూ ఒక కార్డు రాసే వీలు కల్పించాలని 70వ అధికరణ చెబుతుంది. నమూనా కూడా ఒప్పందం చివర ఇచ్చారు, పోస్టుకార్డు అంత. పేరు, చిరునామా, ఆరోగ్యం. ఆ కార్డు వెళ్లాక ఖైదీ మాయమవడం కష్టం. అతన్ని ఏ స్థితిలో తీసుకున్నారో, ఏ స్థితిలో ఉన్నాడో లెక్క చెప్పాల్సి వస్తుంది. అబూ గ్రైబ్‌లో పేర్లు లేని ఖైదీలను దాచగలిగింది ఈ లెక్క లేకనే.

బహా మూసా విచారణ నివేదిక చివర గేజ్ 73 సిఫార్సులు చేశారు. వాటిలో ఎక్కువ భాగం శిక్షణ, మార్గదర్శకాలు, ఖైదీల బాధ్యత ఎవరిదన్న స్పష్టత, వైద్య పరీక్ష, రికార్డుల గురించినవి. అప్పటి రక్షణ మంత్రి 72 సిఫార్సులను ఒప్పుకున్నారు. పట్టుబడిన వెంటనే జరిపే ప్రశ్నల్లో ఖైదీమీద గట్టిగా అరిచే పద్ధతిని పూర్తిగా మానేయాలన్న ఒక్క సిఫార్సును మాత్రం, ప్రాణాలు కాపాడే సమాచారం కోసం కొన్ని పరిస్థితుల్లో అది అవసరమవుతుందంటూ తిరస్కరించారు.